పేస్‌మేకర్ ఉన్న పిల్లకు కడుపు, కాన్పు: ముందుగాల ఏమేం చూసుకోవాలె?

నర్సంపేట వదిన (ప్రశ్న)

మా తమ్ముని భార్యకు 23 ఏండ్లు. పుట్టుకతోనే కంప్లీట్ హార్ట్ బ్లాక్, అంటే గుండె పై గది కరెంటు కింది గదికి అందదు. 13 ఏండ్లప్పుడు ఎడమ భుజం దగ్గర, మెడ ఎముక కింద గుండెను కొట్టించే పేస్‌మేకర్ మిషన్ పెట్టిన్రు. రెండు వైర్లది, కార్డు మీద డీడీడీ అని ఉన్నది. పెండ్లికి ముందే వాళ్లు అన్నీ చెప్పిన్రు, కాయితాలు చూసే చేసుకున్నం. ఏడాదైంది, ఇప్పుడు పిల్లలు కావాలనుకుంటున్నరు. పిల్ల మంచిగనే ఉన్నది. స్కూటీ నడుపుతది, దమ్ము రాదు, మందులు ఏం లేవు.

ఇంటికి వచ్చిపోయేటోళ్లు తలా ఒక మాట అంటున్నరు. మిషన్ కరెంటు కడుపుల బిడ్డకు తాకుతదని ఒకరు, బిడ్డకు సుత గదే బ్లాక్ వస్తదని ఇంకొకరు. ఒక ఆసుపత్రిల అడిగితే "మిషన్ ఉన్నదా, అయితే పెద్దాపరేషనే" అన్నరు, ఎందుకో చెప్పలే. తెలిసినోళ్లు జర వివరంగ చెప్పున్రి. కడుపు నిలువక ముందే ఏ పరీక్షలు చేయించాలె? నార్మల్ కాన్పు అయితదా? తల్లిగారిల్లు కోరుట్ల, తొలి కాన్పు అక్కడ చేయొచ్చునా? ఇంట్ల ఇండక్షన్ పొయ్యి ఉన్నది, పిల్ల బీడీలు సుత చుడుతది. ఇవి ఆపాల్నా?

హన్మకొండ క్యాత్‌ల్యాబ్

వదినా, పేస్‌మేకర్ ఉన్నదన్న ఒక్క కారణంతోని కడుపు వద్దనరు. గుండె గోడలు, కవాటాలు మంచిగ ఉండి పంపింగ్ సరిగ్గ ఉంటే, పుట్టుక బ్లాక్‌కు మిషన్ పెట్టుకున్న ఆడవాళ్లకు చాలావరకు అందరి లెక్కనే కాన్పు అయితది. ప్రమాదం ఎంతన్నది మిషన్ వెనుకున్న గుండె చెప్తది. కవాటం మార్చిన తర్వాత మిషన్ పడ్డోళ్ల సంగతి వేరు. మెకానికల్ వాల్వ్ కోసం వార్ఫరిన్ మింగేటోళ్లు కడుపుకు ముందే మందు సంగతి డాక్టర్‌తోని తేల్చుకోవాలె, మొదటి మూడు నెలల్ల అది బిడ్డకు హాని చేస్తది. మీ మరదలికి మందులే లేవు కాబట్టి ఆ బాధ లేదు.

కరెంటు భయం గురించి. మిషన్ ఇచ్చేది మామూలుగ రెండు మూడు వోల్టుల దెబ్బ, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. వైరు కొన ఆనుకున్న గుండె కండరాన్ని లేపేటందుకే అది సరిపోతది. బిడ్డకు దాంతోని ఏం కాదు.

ఇక పరీక్షలు. మొదటిది ఎకో, అంటే గుండె స్కాన్. మిషన్ వైరు గుండె కుడి వైపు కింది గదిలో ఉంటది. ఏండ్ల తరబడి ప్రతి దెబ్బా కుడి నుంచి మొదలైతే కొందరిలో ఎడమ గది మెల్లగ అలసిపోయి పంపింగ్ తగ్గుతది. పైకి ఏం తెలువదు, స్కూటీ నడుపుతూనే ఉంటరు. ఎకోలో ఈఎఫ్ అని ఉంటది, ఎడమ గది ఒక్కో దెబ్బకు తనలోని రక్తంల ఎంత శాతం తోస్తదన్న అంకె అది. ఈఎఫ్ 55 పైన ఉంటే మంచిది. 45 కంటే తగ్గితే ప్రమాదం పెరిగినట్టే. 30 కంటే తక్కువైతే కడుపు వద్దనే గుండె డాక్టర్లు చెప్తరు. ఎందుకంటే కడుపుతోని ఉన్నప్పుడు రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతది, గుండె నిమిషానికి తోసే రక్తం కూడా 30 నుంచి 50 శాతం ఎక్కువైతది.

రెండోది ఛాతీ ఎక్స్‌రే, అది కడుపుకు ముందే తీయించాలె. 13 ఏండ్లప్పుడు పెట్టిన వైరు పొడుగు అట్లనే ఉంది, పిల్ల మాత్రం ఎదిగింది. లోపల వైరుకు వదులు మిగిలిందా, గుంజుకొని నిటారుగ అయ్యిందా అన్నది ఒక్క ఫిల్ముల తెలిసిపోతది.

మూడోది మిషన్ చెకప్. కంప్యూటర్ మౌస్ లాంటి దాన్ని చర్మం మీద పెట్టి ప్రోగ్రామర్ అనే కంప్యూటర్‌లో చదువుతరు, నొప్పి ఉండదు, పావుగంట పని. ఏ కంపెనీ మిషన్‌కు ఆ కంపెనీ ప్రోగ్రామరే కావాలె, ఒకదాంతోని ఇంకోటి చదవరాదు. అందుకని పోయే ముందే కార్డు చూపించి, ఆ కంపెనీ టెక్నీషియన్ ఏ రోజు వస్తడో అడగాలె. చెకప్ అయినంక "అంతా ఓకే" అన్న మాటతోని రావద్దు, ప్రింటు అడిగి తీసుకోవాలె. అందులో బ్యాటరీ ఇంకెన్నేండ్లు, కింది గదిని మిషన్ ఎంత శాతం కొట్టిస్తున్నది, రెండు వైర్ల నిరోధం ఎన్ని ఓమ్‌లు, కనిష్ఠ రేటు, గరిష్ఠ రేటు ఉంటయి. వైరు నిరోధం పాత చెకప్‌ల లెక్కనే ఉండాలె. ఒక్కసారే బాగా పడిపోతే వైరు పైపొర చినిగిందేమో, బాగా పెరిగితే లోపలి తీగ విరిగిందేమో చూస్తరు.

అన్నిటికంటే ఎక్కువ మంది మరిచేది గరిష్ఠ రేటు, ప్రింటులో అప్పర్ ట్రాకింగ్ రేట్ అని ఉంటది. మీ మరదలికి గుండె పై గది సొంతంగనే కొట్టుకుంటది. డీడీడీ మిషన్ దాన్ని విని, కింది గదిని వెంట నడిపిస్తది. కడుపుతోని ఉంటే పై గది నిమిషానికి 10 నుంచి 20 దెబ్బలు పెరుగుతది, మిషన్ దాని వెంటే పోతది, ఇబ్బంది లేదు. కాని మిషన్‌కు ఒక హద్దు పెట్టి ఉంటది. ఆ హద్దు 120 అనుకోండి. పై గది 120 దాటినప్పుడు మిషన్ మధ్యమధ్యల ఒక దెబ్బ విడిచిపెడ్తది. ఇంకా పైకి పోతే రెండింటికి ఒకటే పలుకుతది. అది ఎక్కడ మొదలైతదో లెక్క కట్టొచ్చు: పై గది దెబ్బ విన్నంక కింది గదిని కొట్టించే ముందు మిషన్ ఆగే సమయం (ఏవీ డిలే) 150 మిల్లీ సెకన్లు, దాని తర్వాత మిషన్ పై గదిని పట్టించుకోని సమయం 250, రెండూ కలిపి 400. నిమిషానికుండే 60,000 మిల్లీ సెకన్లను 400తోని భాగిస్తే 150. అంటే నొప్పుల మీద ముక్కుతుంటే పై గది 152కు పోయిందనుకోండి, కింది గది ఒక్కసారే 76కు పడుతది. అంత రక్తం కావాల్సిన ఘడియలోనే వేగం సగమైతది. తల్లికి చక్కరొస్తది, బీపీ దిగుతది, చుట్టున్నోళ్లకు ఎందుకో అర్థం కాదు. మిషన్ చెడిపోలేదు, చెప్పిన హద్దునే పాటిస్తున్నది. 36 వారాల చెకప్‌లో ఆ హద్దు పెంచి, ఆ రెండు సమయాలు కుదిస్తే సరిపోతది. ఎంత పెంచాలన్నది గుండె డాక్టర్ రాయాలె.

ఒకే వైరున్న వాళ్లు ఇది చదువుతుంటే: వీవీఐఆర్ మిషన్ పై గదిని వినదు, ఒంటి కదలికను చూసి వేగం పెంచుతది. మంచం మీద పడుకొని ముక్కే మనిషి ఒళ్లు కదలదు, కాబట్టి వేగం పెరగదు. వాళ్లకు నొప్పులకు ముందు కనిష్ఠ రేటునే పెంచి పెడ్తరు. ఇదే మిషన్ గుంతల రోడ్డు మీద ఆటోల పోతుంటే కుదుపును నడక అనుకొని వేగం పెంచుతది, ఆ దడకు భయపడొద్దు.

చిన్నప్పుడు, ఒళ్లు బాగా తక్కువున్నప్పుడు మిషన్ పెట్టించుకున్న కొందరికి మిషన్ డబ్బా పొట్ట గోడలో ఉంటది. వాళ్లు ఆ సంగతి మొదటి రోజే ప్రసూతి డాక్టర్‌కు చెప్పాలె. కడుపు పెరిగేకొద్దీ అక్కడి చర్మం గుంజుతది, పెద్దాపరేషన్ కోత ఎక్కడ పెట్టాలన్నదీ దాన్ని చూసే తేలుస్తరు.

నర్సంపేట వదిన

అన్నా, మొన్నటి ప్రింటు ఇంట్లనే ఉన్నది, ఇయ్యాల తీసి చూసిన. బ్యాటరీ 1 ఏడాది 8 నెలలు. కింది గది 99 శాతం. రేట్లు 60, 120. వైర్ల కాడ 480, 610 అని రాసున్నది, పోయినసారి 490, 600. ఎకో రెండేండ్ల కిందటిది, ఈఎఫ్ 58. బ్యాటరీ అయిపోయేదాక ఆగి అప్పుడు మార్పిస్తే చాలంటున్నరు మావోళ్లు.

హన్మకొండ క్యాత్‌ల్యాబ్

వైర్లు మంచిగున్నయి, ఎకో మాత్రం కొత్తది కావాలె. మీ కథంతా బ్యాటరీ దగ్గరే ఉంది.

20 నెలలు అంటే చూడటానికి చాలనిపిస్తది. కడుపు నిలువటానికి కొన్ని నెలలు, మోయటానికి తొమ్మిది, తర్వాత పాలిచ్చే కాలం. పైగా ప్రింటులో ఉన్నది అంచనా, వేగం పెరిగితే ఖర్చు కూడా పెరుగుతది. నడి కడుపులోనో, ఒళ్లో పసిబిడ్డ ఉన్నప్పుడో మార్చాల్సి రావొచ్చు. బ్యాటరీ మార్పు గడువుకు చేరినప్పుడు మిషన్ ఆగదు, దాదాపు మూడు నెలల సమయం ఇస్తది. కాని కొన్ని కంపెనీల మిషన్లు ఆ గడువు తాకంగనే బ్యాటరీ మిగుల్చుకునేటందుకు తమంతట తామే వీవీఐకి మారి 65 దగ్గర నిలబడతయి. అప్పటిదాక పై గది వెంట నడిచిన మిషన్ ఇక దాన్ని వినదు. ఏడో నెలలో అట్లయితే తల్లికి ఆయాసం, మెడలో కొట్టుకున్నట్టు, నిలబడితే కండ్లు తిరుగుడు మొదలైతయి.

కాబట్టి కడుపుకు ముందే మార్చుదామా అన్నది ఇప్పుడే గుండె డాక్టర్‌ను అడగాలె. ఊరికే ముందుగ మార్చడం కూడా మంచిది కాదు, తోలు కింద డబ్బా ఉండే సంచి తెరిచిన ప్రతిసారి ఇన్ఫెక్షన్ భయం మొదటిసారి కంటే ఎక్కువ. ఇట్ల రెండు వైపులా తూకం ఉంది, నిర్ణయం డాక్టర్‌దే. 20 నెలలే మిగిలి, పిల్లలు వెంటనే కావాలనుకునే మనిషికి నా మొగ్గు ముందే మార్చడం వైపే. వైర్లు మంచిగున్నయి కాబట్టి డబ్బా ఒక్కటే మారుతది, ఆ చోటు మందం మత్తు చాలు, ఎక్స్‌రే అవసరం చాలాసార్లు పడనే పడదు. గాయం పూర్తిగ మానేదాక ఒకటి రెండు నెలలు కడుపు వాయిదా వేసుకుంటే అయిపాయె. ఆరోగ్యశ్రీలో పేస్‌మేకర్ ఉంది, 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి. మీకు కావాల్సింది బ్యాటరీ మార్పు, అది ఏ ప్యాకేజీ కింద పెడ్తరో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే అడగండి.

ఒకవేళ కడుపుతోని ఉండంగనే మార్చాల్సి వచ్చినా చేయొచ్చు. ఎక్స్‌రే వాడితే కొన్ని క్షణాలే, పుంజం ఛాతీ మీద ఉంటది, బిడ్డకు తాకేది చాలా స్వల్పం.

ప్రసూతి వార్డు సిస్టర్, వరంగల్

అక్కా, బిడ్డకు బ్లాక్ వస్తదా అన్న మాటకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే దీనికి ఒక రక్తపరీక్ష ఉంది, చాలామంది చేయించరు.

గుండె నిర్మాణం బాగుండి పుట్టుకతోనే బ్లాక్ ఉంటే ఎక్కువసార్లు కారణం ఆ పిల్ల తల్లి రక్తంలో ఉండే యాంటీ రో, యాంటీ లా అనే ప్రతిరక్షకాలు. అవి మాయ దాటి పోయి, కడుపులోని బిడ్డ గుండెలో కరెంటు దారిని కాల్చేస్తాయి. అంటే కోరుట్లలో ఉన్న మీ వియ్యపురాలి రక్తం నుంచి వచ్చి ఉండొచ్చు. ఆమెకు పైకి ఏ జబ్బూ కనబడకపోవచ్చు. పుట్టిన కొన్ని నెలలకే ఆ ప్రతిరక్షకాలు బిడ్డ ఒంట్లోంచి పోతాయి, కాలిపోయిన దారి మాత్రం తిరిగి రాదు. మీ మరదలు దాన్ని తన బిడ్డకు వారసత్వంగా ఇవ్వదు. చూడాల్సింది ఒక్కటే, ఆమె రక్తంలో ఇప్పుడు ఆ ప్రతిరక్షకాలు సొంతంగా తయారవుతున్నాయా అని. నెగిటివ్ వస్తే ఆ దారిలో భయం లేదు. పాజిటివ్ వచ్చినా తొలి బిడ్డకు బ్లాక్ వచ్చేది 100 మందిలో ఒకరిద్దరికే. ఒక బిడ్డకు వచ్చాక తర్వాతి కడుపులో మాత్రం 100కు 16 నుంచి 18 దాకా ఉంటుంది. పాజిటివ్ ఉన్నవాళ్లకు 16వ వారం నుంచి 26వ వారం దాకా వారానికో రెండు వారాలకో బిడ్డ గుండె ఎకో తీస్తారు. బ్లాక్ మొదలయ్యేది ఎక్కువగా 18 నుంచి 24 వారాల మధ్యే. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర ఎవరికి, ఎప్పటినుంచి అన్నది రుమటాలజీ (కీళ్లవాతం చూసే) డాక్టర్ చెప్తారు. మీ వియ్యపురాలు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిది. కళ్లు, నోరు ఎండిపోవడం, కీళ్లనొప్పులు ఉంటే తప్పకుండా.

ఇక "పెద్దాపరేషనే" అన్న మాట. పేస్‌మేకర్ సిజేరియన్‌కు కారణం కాదు. నార్మల్ కాన్పులో రక్తం తక్కువ పోతుంది, ఇన్ఫెక్షన్ తక్కువ, గుండెకు అదే మేలు. బిడ్డ అడ్డం తిరిగినా, దారి చాలకపోయినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా అందరికీ చేసినట్టే ఆమెకూ ఆపరేషన్ చేస్తారు. ఆ డాక్టర్‌ను మళ్లీ కలిసి "కారణం మిషనా, ఇంకేమన్నానా" అని నేరుగా అడగండి. దగ్గర్లో గుండె డాక్టర్ లేరు, రాత్రిపూట మిషన్ చూసేవాళ్లు లేరు అన్నది అసలు కారణమైతే మారాల్సింది కాన్పు జరిగే చోటు.

నొప్పులప్పుడు మా వైపు జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు చూసే సీటీజీ ఒక్కోసారి బిడ్డను వదిలి తల్లి గుండెను పట్టుకుంటుంది. మామూలు తల్లికి కూడా జరుగుతుంది. ఈమెకైతే మిషన్ 120 దగ్గర నిలకడగా కొట్టిస్తుంటే, కాగితం మీద అది అచ్చం బిడ్డ చప్పుడులాగే ఉంటుంది. తల్లి వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి రెండు అంకెలూ వేరువేరుగా ఉన్నాయా అని చూస్తుండాలి. స్కాన్‌లు, డాప్లర్ వేటితోనూ మిషన్‌కు ఇబ్బంది లేదు. నొప్పి తగ్గించడానికి నడుముకు తీగలు అతికించి కరెంటు పంపే టెన్స్ మిషన్ మాత్రం వద్దు. వెన్నులో ఇచ్చే ఎపిడ్యురల్ ఇవ్వొచ్చు, నొప్పి తగ్గితే గుండె పరుగూ తగ్గుతుంది.

మందుల్లో రెండు. నెలలు నిండక ముందే నొప్పులు వస్తే వాటిని ఆపడానికి మన దగ్గర ఐసోక్సుప్రిన్ రాసే అలవాటు ఉంది, అది గుండె వేగం పెంచుతుంది. పైన అన్న చెప్పిన హద్దుకు తొందరగా చేరేది అట్లాగే. మిషన్ ఉందని ముందే చెప్తే వేరే మందు చూస్తారు. కాన్పు తర్వాత గర్భసంచి గట్టిపడటానికి ఇచ్చే ఆక్సిటోసిన్ మెల్లగా ఎక్కించాలి, ఒక్కసారే నరంలోకి తోస్తే బీపీ దిగుతుంది. మిషన్ ఉందని నార్మల్ కాన్పుకు ప్రత్యేకంగా యాంటీబయోటిక్ అక్కర్లేదు.

రక్తహీనతను తేలిగ్గా తీసుకోకండి. హిమోగ్లోబిన్ 8కి పడిన తల్లికి ఆయాసం, దడ వస్తే అందరూ మిషన్‌నే అనుమానిస్తారు, వారాలు గడిచిపోతాయి. సర్కారు ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కడుపులో 180 రోజులు, కాన్పయ్యాక 180 రోజులు. చాయ్ తాగిన వెంటనే వేసుకుంటే ఒంటికి పట్టదు. పిల్లలు కావాలనుకున్న రోజు నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి.

కాన్పయిన మొదటి 24 నుంచి 72 గంటలు చాలా ముఖ్యం. గర్భసంచి ముడుచుకొని అందులోని రక్తం, కాళ్ల వాపుల్లోని నీరు గుండె మీదికి తిరిగి వస్తాయి. పంపింగ్ తక్కువున్నవాళ్లకు దమ్ము వచ్చేది అప్పుడే. వెల్లకిలా పడుకోలేకపోతున్నా, రాత్రి దగ్గుతో లేచి కూర్చుంటున్నా నర్సుకు చెప్పాలి.

మత్తు విభాగం టెక్నీషియన్

సిస్టర్ చెప్పినదానికి ఆపరేషన్ గది సంగతి కలుపుతున్న. సిజేరియన్ చేయాల్సి వస్తే భయం కాటరీతోనే. రక్తం ఆపేటందుకు కరెంటుతోని కాల్చే పెన్ను అది. దాని సందడిని మిషన్ గుండె చప్పుడనుకొని, తను కొట్టుడు ఆపుతది. 99 శాతం మిషన్ మీదే నడిచే గుండెకు ఆ కొన్ని సెకన్లే ప్రమాదం.

దీనికి చేసేది కష్టమేం కాదు. వీలైతే బైపోలార్ కాటరీ వాడుతరు, కరెంటు రెండు మొనల మధ్యనే తిరుగుతది. మోనోపోలార్ అయితే వెనుక అతికించే ప్లేటు తొడకు వేస్తరు, భుజం దిక్కు వేయరు, అప్పుడు కరెంటు దారి ఛాతీ మీదుగ పోదు. ఒక్కసారికి అయిదు సెకన్లకు మించకుండ కాల్చి, ఆగుతరు. బొడ్డు కింద కోతకు ఇట్ల చేస్తే సాధారణంగ ఏం కాదు. మానిటర్‌లో ఈసీజీ గీతను ఒక్కటే నమ్మొద్దు, కాటరీ పెట్టంగనే అది చెదిరిపోతది. వేలి పల్స్ అల చూస్తే గుండె నిజంగ కొడుతున్నదా తెలుస్తది.

అయస్కాంతం గదిలో సిద్ధంగ ఉండాలె. డబ్బా మీద పెడితే చాలా పేస్‌మేకర్లు బయటి సందడి వినుడు ఆపి, కంపెనీని బట్టి 85 నుంచి 100 వేగంతోని ఆగకుండ కొడుతయి. తీస్తే మళ్ల మామూలు. షాక్ ఇచ్చే ఐసీడీ ఉన్నోళ్లకు మాత్రం అయస్కాంతం పెడితే షాక్ ఒక్కటే ఆగుతది, కొట్టే పద్ధతి మారదు. ఉన్నది పేస్‌మేకరా, ఐసీడీనా అన్నది కార్డు చూసి తేల్చుకున్నంకనే గదిలోకి తీసుకపోవాలె. కాటరీ వాడితే ఆపరేషన్ తర్వాత మిషన్ ఒకసారి చెక్ చేయించాలె.

ములుగు ఏఎన్ఎం

అక్కా, ఇంటి సంగతులు నేను చెప్త.

నీళ్లోసుకున్నదని తెల్వంగనే ఆశా కార్యకర్తకు చెప్పి తల్లీబిడ్డల కార్డు చేయించున్రి. ప్రతి నెల 9 తారీఖున పీహెచ్‌సీల, ఏరియా ఆసుపత్రుల ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ చెకప్ ఉంటది, అక్కడ ప్రమాదం ఉన్న తల్లి కార్డుకు ఎర్ర స్టిక్కర్ వేస్తరు. ఆ స్టిక్కర్ వేయించుకోవాలె. వరంగల్ల సీకేఎం ప్రసూతి ఆసుపత్రి ఒక దిక్కు, ఎంజీఎం పెద్దాసుపత్రి ఇంకో దిక్కు. ప్రసూతి డాక్టర్ చూసింది గుండె డాక్టర్ కాడికి, గుండె డాక్టర్ రాసింది ప్రసూతి డాక్టర్ కాడికి మీ చేతుల ఫైలే మోసుకపోవాలె. ఆ ఫైల్ల మిషన్ కార్డు జిరాక్స్, చివరి ప్రింటు, ఎకో, ఒక పాత ఈసీజీ పెట్టున్రి. పాత ఈసీజీ ఎందుకంటే, మిషన్ కొట్టించే గుండె గీత వెడల్పుగ వస్తది. తెల్వనోళ్లు చూసి గుండెపోటని బెదిరిస్తరు. పక్కన పాతది పెడితే రెండూ ఒక్కతీరే ఉన్నయని తెలుస్తది.

కోరుట్ల ముచ్చట. తల్లిగారు తొలి కాన్పు మేమే చేస్తమంటరు, అది వాళ్ల ముచ్చట, కాదనొద్దు. ఏడో నెలల సీమంతం చేసి, చీర సారె పెట్టి, కొన్ని దినాలు ఉంచుకొమ్మనున్రి. 36 వారాలు పడెవరకు మాత్రం గుండె డాక్టర్, మిషన్ ప్రోగ్రామర్, రక్తనిధి, పసిపిల్లల వార్డు అందే ఊరికి రావాలె. తల్లినే ఇక్కడికి పిలిపించుకుంటే సుత మర్యాద దక్కుతది. ఏటూరునాగారం, వాజేడు దిక్కోళ్లకైతే ఇంకా ముందుగాల్నే చెప్త. వానకాలం వాగులు పొంగినయంటే 108 సుత ఆగిపోతది.

బీడీలు బందు పెట్టున్రి, అది మిషన్ కోసం కాదు. తంబాకు దుమ్ము ముక్కుల పోతది, చేతుల తోలు నుంచి సుత ఒంట్లకు ఎక్కుతది, బిడ్డ బరువు తగ్గుతది. కడుపు నిలువక ముందే ఆపాలె. తంబాకు చాట పసిబిడ్డ పండే అర్రల సుత ఉండొద్దు.

ఇండక్షన్ పొయ్యికి డబ్బా రెండు ఫీట్ల దూరం ఉండాలె. పొయ్యి మీదికి వంగి కలిపితే అంత దూరం ఉండదు, గ్యాస్ ఉంటే అదే వాడుకొమ్మను. మిక్సీ, గ్రైండర్, ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్, టీవీ ఏం కావు, మోటరును ఛాతీకి ఆనిచ్చుకోకుంటే చాలు. ఫోన్ కుడి చెవికి పెట్టుకోవాలె, ఎడమ జాకెట్ల పెట్టుకోవద్దు, జానెడు దూరం చాలు. డీజే పెట్టెల పెద్ద పెద్ద అయస్కాంతాలుంటయి, పెండ్లిలనో నిమజ్జనంలనో బాక్సుకు ఆనుకొని నిలవడొద్దు. బతుకమ్మ ఆడొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు, వంగొచ్చు. చేను కాడ మందు కొట్టే డబ్బా పట్టీ మిషన్ మీద పడుతది, కడుపుల ఆ మందు వాసన సుత పడదు, ఆ పని వద్దు. అడివి పందులకు పెట్టే కరెంటు తీగ దిక్కు పోనేపోవద్దు.

కొందరు మిషన్ పెట్టినంక ఆ చెయ్యి లేపుడే మానేస్తరు. కొత్తల నాలుగు నుంచి ఆరు వారాలే జాగ్రత్త, ఆ తర్వాత తల దువ్వుకోవాలె, బట్టలు ఆరేయాలె. లేకుంటే భుజం పట్టుకపోతది. ఎడమ పక్కకు పండితే మిషన్ నలుగుతదని సుత భయపడ్తరు. ఏం నలుగది. ఏడో నెల నుంచి ఎటో ఒక పక్కకే పండాలె, వెల్లకిల వద్దు.

బాలెంతప్పుడు మూడు చూడాలె. నూనె పెట్టి ఒళ్లు తోమేటామెకు డబ్బా ఉన్న జాగ చూపెట్టాలె, దాన్ని రుద్దొద్దు, తిప్పొద్దు. తోలు కింద డబ్బా తిరిగితే వైరు చుట్టుకొని గుండెల నుంచి ఊడొస్తది. ఆ జాగల కాపడం వద్దు. బాలెంతకు నీళ్లు తక్కువ తాపుడు అసలే వద్దు, రక్తం చిక్కవడి గడ్డలైతయి, పాలు సుత తగ్గుతయి. పాలు రెండు దిక్కులా ఇయ్యొచ్చు. బిడ్డ తల ఎడమ డబ్బాకు తాకి నొస్తే, బిడ్డను సంకల పెట్టుకున్నట్టు పక్కకు పట్టుకొని ఇయ్యాలె. జాకెట్ పట్టీ కుట్టు మీద పడకుండ జర వెడల్పుగ కుట్టియ్యున్రి.

డబ్బా జాగ ఎర్రగై, ఉబ్బి, చీము తీరు కనిపిస్తే ఊళ్లె డాక్టర్‌తోని సూది గుచ్చి తీయించొద్దు, గోలీలు వేసుకొని ఊకోవద్దు, నేరుగ మిషన్ పెట్టిన డాక్టర్ కాడికే పోవాలె. కారణం తెల్వకుండ జ్వరం తగ్గకుంటే గోలీలు మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్‌కు (క్రిముల పరీక్షకు) తీసుకొమ్మని అడగాలె. ఆ చెయ్యి మొత్తం ఉబ్బినా, ఆగని ఎక్కిళ్లు మొదలైనా, చక్కరొచ్చి పడ్డా ఆగొద్దు. నాడి నిండు నిమిషం లెక్కపెట్టు, మీ పిల్లకు 60 కంటే తక్కువ ఉండొద్దు. ఒకటి రెండు తక్కువొస్తే మళ్ల ఇంకోసారి లెక్కపెట్టు, మధ్యల వచ్చే అడ్డ దెబ్బ చేతికి అందక తప్పిపోతది.

నర్సంపేట వదిన

అందరికీ చేతులెత్తి మొక్కుతున్న. సోమవారం ఎకోకు, ఆ రక్తపరీక్షకు పోతున్నం, బ్యాటరీ సంగతి సుత అప్పుడే అడుగుతం. కోరుట్లకు ఫోన్ చేసి వాళ్లమ్మను సుత పరీక్ష చేయించుకొమ్మన్న. ఇంకొక్కటి: బ్యాటరీ మార్చేదాక కడుపు ఆపాలంటే ఏం వాడాలె? తర్వాత ఇద్దరు పిల్లలైనంక ఆపరేషన్ చేయించుకోవచ్చునా?

ప్రసూతి వార్డు సిస్టర్, వరంగల్

ఇప్పటికి రెండు మూడు నెలలే కదా, కండోమ్ చాలు. ఎక్కువ కాలానికైతే కాపర్ టీ పెట్టుకోవచ్చు, దానికీ మిషన్‌కూ సంబంధం లేదు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు సొంతంగా దుకాణంలో కొని వేసుకోవద్దు, పంపింగ్ తక్కువుంటే అవి గడ్డలు కట్టిస్తాయి. ట్యూబెక్టమీ (ఆడవాళ్ల ఆపరేషన్) చేయొచ్చు. క్యాంపులో మాత్రం వద్దు, పైన మత్తు విభాగం అన్న చెప్పిన కాటరీ జాగ్రత్తలు ఉండే ఆసుపత్రిలోనే. మీ తమ్ముడు ఒప్పుకుంటే వేసెక్టమీ (మగవాళ్ల ఆపరేషన్) ఇంకా తేలిక, ఆ చోటుకు మత్తిచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికి రావొచ్చు. మూడు నెలల తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలేదాకా కండోమ్ వాడాలి.

హన్మకొండ క్యాత్‌ల్యాబ్

సోమవారం పోయే ముందు కార్డును ముందూ వెనుకా ఫొటో తీసి ఆసుపత్రి వాళ్లకు పంపండి వదినా. మోడల్ నంబర్ వెనుక వైపు ఉంటే, అది కనబడక వేరే ప్రోగ్రామర్ పట్టుకొస్తరు.